బేబా మీద నా సంతకం

మా పెదనాన్న కొలుంబాన్ గోతిలోకి ఆయనకంటే ముందు లుహెండే దిగాడు.

మెరిసే బూట్లు విప్పి గట్టున పెట్టాడు. కోటు మడిచి పెద్దమ్మ చేతికిచ్చాడు. తడి మట్టిలో వెల్లకిలా పడుకుని చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, "నేను లేవను" అన్నాడు. శవపేటిక మోస్తున్నవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయారు. ఫాదర్ గారు ప్రార్థన పుస్తకంలో వేలు పెట్టి మూశారు. అప్పటిదాకా ఏడుస్తున్న ఆడవాళ్ళు ముక్కులు చీదుకుని నవ్వడం మొదలుపెట్టారు.

నవ్వాలి మరి. లుహెండే సుకుమా మనిషి, మేము న్గోనీలం. మా తాతల తాతలు ఈటెలతో పొడుచుకున్నారు. పొడుచుకుని పొడుచుకుని విసుగెత్తాక, ఇక నవ్వుకుందాం అనుకున్నారట. అప్పట్నుంచీ వాళ్ళకీ మాకూ మేలమాడే వరస. దాన్ని ఉతాని అంటాం. ఆ వరస కలిసినవాడు మ్తాని. మ్తాని నీ కంచంలో ముద్ద లాక్కోవచ్చు, నీ చావింట్లో పెళ్ళిపాట పాడవచ్చు, నీవాళ్ళ గోతిలో పడుకుని ఏదైనా అడగవచ్చు. నువ్వు నోటికొచ్చినట్టు తిట్టవచ్చు, ఏదో ఒకటి ఇచ్చి పంపించవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

"ఏం కావాల్రా నీకు, ఎద్దుమూతోడా?" అంది పెద్దమ్మ. కళ్ళు తుడుచుకుంటూనే అంది. "ఉగాలీ ముద్ద కావాలా? మీ సుకుమాల కడుపులకి నేను చెరువులో పిండి కలపాలేమో!"

"తిండొద్దమ్మా. ఒతీలియా బేబాని నాకిస్తానంటే లేస్తా. లేదంటే ముసలాయనా నేనూ ఇక్కడే కాపురం పెడతాం. ఆయన గురక పెడతాడా?"

జనం విరగబడి నవ్వారు. అందరూ నావైపు తిరిగారు. ఒతీలియాని నేనే. మతొగోరో కొండ మీంచి వాన దిగి వస్తోంది, పేటిక మీద కప్పిన కంగా గుడ్డ అప్పుడే తడుస్తోంది. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. మ్తాని అడిగితే నవ్వుతూ ఏదో ఒకటి అనెయ్యడమే మా పద్ధతి, తర్వాత కోడినో కుండనో పంపి ఆ మాట విడిపించుకుంటాం. అందుకని నేనూ అనేశాను.

"తీసుకో పో! బేబా నీదే. ముందు లే, మా పెదనాన్న తడిసిపోతున్నాడు!"

లుహెండే స్ప్రింగులా లేచాడు. వీపునిండా ఎర్ర మట్టి. గోతిలోంచి చెయ్యి చాపితే నేనే పైకి లాగాను.

బేబా అంటే మా దగ్గర మొయ్యి, మోసుకురా అని. నేను రాసిన చిన్న పనిముట్టు అది. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. నల్ల తెర మీద బేబా అని కొట్టి పక్కన కావలసిన సాఫ్ట్‌వేర్ పేరు కొడితే చాలు. ఎక్కడెక్కడి మనుషులో తాము రాసిన ప్రోగ్రాములు అందరూ చూసేలా పెట్టుకునే చోట్లుంటాయి కదా, అక్కడికి పోతుంది. అక్కడ ఒకే పేరుతో ఫైళ్ళు గుట్టగా పడి ఉంటాయి, ఒక్కో రకం మిషనుకు ఒకటి. అందులోంచి తాజాగా విడుదలైనదేదో, నీ మిషనుకు సరిపడేదేదో అదే ఏరుతుంది. తెస్తుండగా కరెంటు పోయినా సిగ్నలు పోయినా, తిరిగొచ్చాక ఆగిన చోటునుంచే మళ్ళీ మోస్తుంది. వానాకాలం మా ఊరు సొంగేయాలో సిగ్నలుతో కాపురం చేసినవాళ్ళకే ఆ సుఖం విలువ తెలుస్తుంది.

అసలు పని చివర్లో ఉంది. తయారుచేసినవాడు ఫైలు పక్కనే దాని ముద్ర రాసి పెడతాడు, చాంతాడంత పొడుగు అంకెలూ అక్షరాలూ. ఫైలులో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. బేబా తను మోసుకొచ్చిన ఫైలుకు ముద్ర తీసి, వాడు రాసిన ముద్ర పక్కన పెట్టి చూస్తుంది. కలిస్తే మిషనులో పెడుతుంది. కలవకపోతే, "ఇది అది కాదు. తిప్పి పంపు" అని ఒక్క ముక్క చెప్పి పారేస్తుంది. మా అమ్మమ్మ బజార్లో పుచ్చు చిక్కుడు గింజల్ని అలాగే తోసేసేది. ఇంకాస్త మర్యాదగా చెప్పించమని నాకు చాలామంది రాశారు. నేను మార్చలేదు.

మిషన్ ఆస్పత్రి ల్యాబులో బేబా ఉంది. బళ్ళలో ఉంది, కాఫీ రైతుల సంఘంలో ఉంది, సరిహద్దు దాటి మలావీలో, మొజాంబిక్‌లో ఉంది. నేను కొత్త బేబా విడుదల చేస్తే, వాటన్నిటిలోని పాత బేబాలు దాన్ని తెచ్చుకుని తమ స్థానంలో పెట్టుకుంటాయి. ఒకటే షరతు, కొత్తదాని మీద నా సంతకం ఉండాలి. అది కలంతో గీసేది కాదు. నా ఒక్కదాని దగ్గరే ఉన్న రహస్య తాళంతో వేసేది. ఆ సంతకం ఉందంటే అన్ని వేల మిషన్లూ తలుపు తీసి లోపలికి రానిస్తాయి.

లుహెండేకి కావలసింది ఆ సంతకం.

వాడికి దార్ ఎస్ సలామ్‌లో కంపెనీ ఉంది. పెదనాన్న పోవడానికి ముందే ఒకసారి సొంగేయా వచ్చాడు. గుడ్డల కొట్టు మీది నా గదిలో కూచుని, మా ఉగాలీ తిని, మా చిక్కుడు గింజల్లో ఉప్పు చాల్లేదని వంక పెట్టి, ఆ పైన అసలు విషయం ఎత్తాడు.

"మ్తానీ, మీ జనం ఒక్కో ఫైలు కోసం వారం డేటా తగలేస్తున్నారు. నా ఫైళ్ళ గోదాము ఈ దేశంలోనే ఉంది. బేబా అక్కణ్ణుంచి తెచ్చిందనుకో, ఎవరికీ డేటా ఖర్చు కాదు. సిమ్ కంపెనీతో నేను మాట్లాడేశా."

"ఇంత ప్రేమ ఎక్కడ పుట్టిందయ్యా? సుకుమాలకి ప్రేమ పుట్టేది ఆవుల మీదే అంటారు."

"న్గోనీలకి అసలు పుట్టదంటారు. చూడు, నేను నీకు ఆఫీసిస్తా, జీతమిస్తా. నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. ఆ ముద్ర చూసే పని తీసెయ్. మా ఫైళ్ళకి అది కలవదు."

"ఎందుకు కలవదు?"

"మేం ఒక చిన్న సాయం కలిపి ఇస్తాం."

వాడు వెళ్ళాక నేను బేబాని వాడి గోదాముకే పంపాను. ఆస్పత్రి ల్యాబువాళ్ళు వాడే ఫైలు ఒకటి తెమ్మన్నాను. తెచ్చింది, చూసింది, "ఇది అది కాదు" అంది. అసలుదీ ఇదీ పక్కపక్కన పెట్టి నేను చివరిదాకా వెతికాను. వాడి చిన్న సాయం ఏమిటంటే, మిషనులో ఉన్న ప్రతి ఫైలు పేరూ చదివి దార్‌లో ఎవరికో పంపిస్తుంది. ఫోన్ చేసి అడిగితే దాచనైనా దాచలేదు.

"పేర్లే కదా మ్తానీ! లోపలేముందో మేం తొంగిచూడం."

మా ఆస్పత్రిలో ల్యాబు ఫైలు పేరంటే రోగి పేరు, పక్కన చేసిన పరీక్ష పేరు. లోపలికి చూడక్కర్లేదు. ఎవరి కూతురు ఏ పరీక్షకి వచ్చిందో పేరే చెప్పేస్తుంది. నేను కుదరదన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు అంతటితో ఆగలేదని గోతి దగ్గర తెలిసింది.

సమాధి అయిన మర్నాడు, ఆనవాయితీ ప్రకారం, మంచి ఎర్రకోడినీ ఉలాంజి కల్లు కుండనూ ఫ్రిదోలిన్‌కిచ్చి లుహెండే దిగిన లాడ్జికి పంపాను. ఫ్రిదోలిన్ పెదనాన్న కొడుకు, బేబా పనిలో నాకు కుడిచెయ్యి. సగం కుండ కల్లు తాగి తిరిగొచ్చాడు. చంకలో కోడి అలాగే ఉంది.

"ఉలాంజి పుచ్చుకున్నాడక్కా. కోడి వద్దన్నాడు. మాటే కావాలన్నాడు."

"అంటే?"

"పరిహారం పుచ్చుకోడట. నాన్న శవం ముందు ఇచ్చిన మాట, అదే ఇప్పించమంటున్నాడు."

మా వంశంలో ఇలాంటిది ఎవరూ వినలేదు. మ్తాని కోడిని తిప్పిపంపడమంటే, ఎదురొచ్చి వంగి దణ్ణం పెట్టినవాడి నెత్తిన కాలు పెట్టడమే. అయినా ఎవరూ వాణ్ణి తప్పు పట్టలేదు, ఎందుకంటే వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆ వారంలోనే గోతి దగ్గర తీసిన వీడియో ఊరూరా తిరిగింది. నేను "బేబా నీదే" అంటున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు. కింద వాడి కంపెనీ రాసిన మాట, "కుటుంబ పెద్దల సమక్షంలో బేబా మా ఇంటికొచ్చింది." ఆస్పత్రి నుంచి, బళ్ళ నుంచి, నేనెన్నడూ చూడని ఊళ్ళ నుంచి జనం అడగడం మొదలుపెట్టారు, నిజమేనా, ఇక ఫ్రీయేనా, ఎప్పట్నుంచి అని. ఎవరి అప్పమ్మలో ఎవరి మేనమామలో నాకు ఫోన్ చేసి, మాట తీర్చెయ్యి తల్లీ, పోయినవాణ్ణి దారి మధ్యలో నిలబెట్టకు అన్నారు. మాతంగా ముగింపు రోజున, అంటే మైల వదిలి పెద్దమ్మ నల్లగుడ్డ తీసే రోజున, అందరి ముందూ నేను సంతకం వెయ్యాలని పెద్దలు నిర్ణయించారు. నన్నెవరూ అడగలేదు.

"నువ్వు ఇవ్వకపోతే నాన్న అక్కడ ఇరుక్కుపోతాడంటున్నారక్కా," అన్నాడు ఫ్రిదోలిన్ దిగులుగా.

"బతికుండగా మీ నాన్న ఒక్క క్యూలో నిలబడ్డాడట్రా? పోయాక ఎవరాపుతార్రా ఆయన్ని?"

వాడికి నవ్వాగలేదు. నవ్వాక మళ్ళీ మొహం ముడిచాడు. "నువ్వు బాగానే నవ్విస్తావు. డేటా సంగతి మాత్రం అబద్ధం కాదుగా. బళ్ళో పంతుళ్ళు జేబులోంచి పెట్టుకుని ఫైళ్ళు దించుకుంటున్నారు. వాళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం."

"ఆకలి నిజమేరా. అన్నంలో కలిపింది కూడా నిజమే. అందుకే నాకు కోపం."

"ఆ మాటనకు!" ఫ్రిదోలిన్ గబుక్కున అటూ ఇటూ చూశాడు. "మ్తాని మీద కోపమేంటి? ఎవరైనా వింటే!"

సలహాలకి కొదవలేదు. తాళం పోయిందని చెప్పెయ్యి అన్నాడొకడు. ఉత్తుత్తి తాళంతో సంతకం వేసి చేతిలో పెట్టు, వాడు కనుక్కునేసరికి ఏడాది పడుతుంది అన్నాడింకొకడు. ఆ రోజుకి జ్వరం తెచ్చుకోమంది మా చిన్నమ్మ. అందరూ నా మంచికే చెప్పారు. వింటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండిపోయింది. దోచుకోవడానికొచ్చినవాడు నవ్వుతూ వీధిగుమ్మంలో నిలబడితే, ఇంటిదాన్ని నేను పెరటిగోడ దూకి పారిపోవాలా? నా దగ్గర ఒక్కటే నిజం ఉంది, నాకు కోపమొచ్చింది. దాన్ని దాచమనే అందరూ చెబుతున్నారు.

మ్తాని మీద కోపగించుకున్నవాడు మేక ఇచ్చుకోవాలి. ఆ నిబంధన నాకూ తెలుసు. మాతంగా ముగింపు రోజు పొద్దున్నే సంతకి వెళ్ళి రెండు మేకపోతుల్ని కొన్నాను. బజాజీ ఆటోవాడు వాటిని వెనకసీట్లో ఎక్కించుకోనని గొడవపెట్టాడు. "నువ్వెక్కించుకునే మనుషుల కంటే నయంగానే కూచుంటాయి" అన్నాను. కూచున్నాయి కూడా.

పెద్దమ్మ వాకిలి నిండా జనం. కుండల్లో ఉలాంజి, గంపల్లో ఉగాలీ, పెద్ద డేకిసాలో చిక్కుడు గింజలు. మేకల్ని కాఫీ చెట్టుకు కట్టి లోపలికొచ్చాను. తావెటే తాత పెద్దకుర్చీలో ఉన్నాడు. మా వంశానికి ఆయన మాటే కోర్టు. ఆయన పక్కన లుహెండే కూచున్నాడు. పెద్దమ్మకి కొత్త దుప్పటి తెచ్చాడు, తాతకి చేతికర్ర తెచ్చాడు. ముందు బల్ల, బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, దానికిరువైపులా కెమెరాలతో వాడి మనుషులిద్దరు. పెళ్ళిపీటల్లా సిద్ధం చేశారు. లాప్‌టాప్‌లో వాడు మార్చిన బేబా ఉంది. నేను సంతకం వెయ్యడమే తరువాయి.

"రా మ్తానీ, రా!" లుహెండే లేచి చేతులు చాపాడు. "మా ముసలాయన ఎదురుచూస్తున్నాడు అక్కడ. నీ వల్ల ఆయనకి కాళ్ళు లాగేస్తున్నాయట!"

జనం నవ్వారు. నేను నవ్వలేదు.

"వెయ్యను," అన్నాను.

మళ్ళీ నవ్వారు. పరాచికం బాగా మొదలైందనుకున్నారు. "వెయ్యదట!" అన్నాడు లుహెండే, తొడ చరుచుకుంటూ. "కట్నం పెంచమంటోంది!"

"పరాచికం కాదు. నాకు కోపమొచ్చింది."

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. డేకిసాలో గరిటె తిప్పుతున్న అమ్మాయి కూడా ఆపేసింది. ఫ్రిదోలిన్ తల దించుకున్నాడు. తావెటే తాత కొత్త చేతికర్ర నేలకి ఆనించి ముందుకు వంగాడు.

"అమ్మాయ్, ఆ మాట వెనక్కి తీసుకో. నవ్వు. అందరం నవ్వేస్తాం. భోజనాలకి లేద్దాం."

"తీసుకోను తాతా. పది రోజులుగా అందరూ నన్ను నవ్వమంటున్నారు. నాకు నవ్వు రావట్లేదు. ఈ మనిషి మీద కోపం వస్తోంది. నేను గోతి దగ్గరన్నది నవ్వులాటకన్నాను, ఆనవాయితీగా కోడిని పంపాను, కోడిని తిప్పి నా మొహాన కొట్టాడు. ఆ మాట నేను తప్పుతున్నాను. అందరి ముందూ తప్పుతున్నాను. సంతకం వెయ్యను."

"కోపమా, మ్తానీ?" లుహెండే తల అడ్డంగా ఊపుతూ పెద్దలవైపు తిరిగాడు. మొహం మీది నవ్వు చెక్కుచెదరలేదు. "చూడండి తాతగారూ. బేబా అందరిదీ, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని తనే రాసుకుంది. ప్రపంచానికంతా ఇచ్చిందట, మ్తానికి ఇవ్వదట!"

"అవునటే? నువ్వలా రాశావా?" అన్నాడు తాత.

"రాశాను. బేబా అందరిదే. వాడెప్పుడో తీసుకున్నాడు తాతా, ఆ బల్ల మీద ఉన్నది అదే. తన పేరు పెట్టుకుని, తన సంతకం వేసుకుని, ఊరూరా తిరిగి ఇచ్చుకోమను. నేనొద్దనను. వాడికి బేబా అక్కర్లేదు. బేబాని నమ్మి తలుపు తీసేవాళ్ళు కావాలి. వాళ్ళు నన్ను చూసి తీస్తారు. నన్ను ముందు నిలబెట్టి, నా వెనక వాడు దూరతాడట!"

"దూరి?" అంది పెద్దమ్మ.

"ఆస్పత్రిలో ఎవరికే పరీక్ష చేశారో పేర్లు పట్టుకుపోతాడు పెద్దమ్మా. నీది కూడా అక్కడే ఉంది."

ఆడవాళ్ళ వరసలో గుసగుస మొదలైంది. లుహెండే చెయ్యి ఊపేశాడు. "అబ్బే, పేర్లే! పేర్లు ఎవడిక్కావాలి? సాంకేతిక విషయాలు అమ్మలకెందుకు."

అలా అనకుండా ఉండాల్సింది వాడు. పెద్దమ్మ నడుం నిటారుగా పెట్టి కూచుంది.

"ఆగు నాయనా. నాకర్థమయ్యేలా నే చెబుతా, తప్పయితే ఒతీలియా దిద్దుతుంది. మూడేళ్ళ కింద మా ఆయన ఎరువు కొన్నాడు. సంచి కంపెనీదే, సంచి మీద పేరూ కంపెనీదే. ఎవడో కుట్టు విప్పాడు, సగం తీసి బూడిద కలిపాడు, మళ్ళీ కుట్టాడు. సంచి చూసి నమ్మాం. చేనంతా పసుపురంగుకి తిరిగింది. కుట్టు కొత్తగా ఉందే అని అప్పుడు చూసినవాడు లేడు." నావైపు తిరిగింది. "నీ బేబా కుట్టు చూస్తుంది. అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"ఇతను కుట్టు చూడొద్దంటున్నాడు."

"అవును. చూడొద్దని నేనే సంతకం పెట్టాలంటున్నాడు."

పెద్దమ్మ లుహెండే తెచ్చిన కొత్త దుప్పటి ఒళ్ళోంచి తీసి బెంచీ మీద పెట్టింది.

తావెటే తాత గడ్డం నిమురుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తను పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతిని తన చేతుల్లో తెగనివ్వకూడదనుకునే మనిషి. "ఒతీలియా," అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. మాట తప్పావు, దానికి నీకో కారణం ఉంది, అది పైవాడు చూసుకుంటాడు. మ్తాని మీద కోపం మాత్రం నేను చూసీ చూడనట్టు వదలను. మా ముత్తాతలు నెత్తుటితో సంపాదించిన నవ్వు అది. తప్పు కట్టు. మేక ఇచ్చుకో."

"కోపం ఖరీదు మేకైతే చవకే తాతా," అన్నాను. కాఫీ చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక మేకపోతును విప్పి తెచ్చి ఇచ్చాను.

తాత కళ్ళలో ఏదో మెరిసింది గానీ పెదవి కదల్లేదు. మేకని కోశారు. మంట వేశారు. వాసన లేవగానే వాకిట్లో బిగుసుకున్న గాలి కొంచెం సడలింది. పిల్లలు మంట చుట్టూ చేరారు, మగవాళ్ళు కల్లు వంచుకున్నారు. కోపానికి గురైనవాడికి కార్జం పెట్టాలి, అది పద్ధతి. నా చేత్తో లుహెండేకి పెట్టాను. వాడు తిన్నాడు, మెచ్చుకున్నాడు, ఉప్పు సరిపోయిందన్నాడు. వేళ్ళు నాక్కుని, రుమాలుతో ఒక్కొక్కటే తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

"మేక తిన్నాం," అన్నాడు అందరికీ వినబడేలా. "పద్ధతి ప్రకారం కోపం పోయింది. మనసులో ఏమీ ఉండకూడదు. ఇక మేం మళ్ళీ మ్తానీలం. అవునా తాతగారూ?"

తాత ఒప్పుకోక తప్పలేదు. "అవును. మేక తిన్నాక కోపం ఉండకూడదు."

"అయితే మళ్ళీ అడుగుతున్నా." లాప్‌టాప్ నావైపు తిప్పాడు. వాడి మనుషులు కెమెరాలు ఎత్తారు. "కోపం లేదు, పట్టింపు లేదు. మ్తాని మ్తానిని అడుగుతున్నాడు. నవ్వుతూ ఒక్క సంతకం."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపంతోపాటు బాధేసింది. అంతటి పద్ధతిని, ఒకర్నొకరు చంపుకోకుండా ఉండడానికి మావాళ్ళు కనిపెట్టుకున్న దాన్ని, వీడు తాళంచెవిలా వేలికి తగిలించుకు తిప్పుతున్నాడే అని. వాకిలి దాటి కాఫీ చెట్టు దగ్గరికి వెళ్ళాను. రెండో మేకపోతును విప్పాను. అది రానని మొరాయించింది. జనం మధ్యలోంచి ఈడ్చుకొచ్చి పలుపు తావెటే తాత చేతిలో పెట్టాను.

"ఇదెందుకే?" అన్నాడు తాత.

"మళ్ళీ అడిగాడు కదా తాతా. నాకు మళ్ళీ కోపమొచ్చింది."

ఆడవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళు అందుకున్నారు. నవ్వు వాకిలంతా పాకింది. తావెటే తాత కర్ర మీద వాలిపోయి, కళ్ళ నీళ్ళొచ్చేలా, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వాడు. లుహెండే ఒక్కడే నవ్వడం లేదు. అంత పెద్ద నవ్వులో వాడి మొహం నేను మొదటిసారి ఖాళీగా చూశాను.

"ఇలా ఎన్నిసార్లు?" అన్నాడు, గొంతు తగ్గించి. "నీ దగ్గర ఎన్ని మేకలున్నాయ్ ఒతీలియా?"

మ్తానీ అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ లేచింది. నల్లగుడ్డ తీసేసిన తలని చేత్తో సవరించుకుని, వచ్చి నా పక్కన నిలబడింది.

"దాని దగ్గర అయిపోతే నా దొడ్లో ఉన్నాయి," అంది. "రెండు చూలువి కూడా. నువ్వు అడుగుతూ ఉండు నాయనా."

ఫ్రిదోలిన్ బల్ల దగ్గరికొచ్చి లాప్‌టాప్ మూత వేసి, దాన్ని లుహెండే చేతిలో పెట్టాడు. తర్వాత దొడ్డి తలుపు తియ్యడానికి వెళ్ళాడు.